కార్యాలయ కంప్యూటరు – డిఫాల్ట్ యూజర్ ప్రొఫైల్

నేటి కార్యాలయంలో కాగితం, కలం, ఫైలు అనే మూడింటి స్థానాన్ని చాలావరకు కంప్యూటరు ఆక్రమించింది. కళాశాల కార్యాలయమైనా, బ్యాంకైనా, తహశీల్దారు కచేరీ అయినా కంప్యూటరు లేని బల్ల కనిపించడం అరుదు. ఈ యంత్రాన్ని కొనే సమయంలో దాని వేగాన్ని గురించి, జ్ఞాపకశక్తిని గురించి, ధరను గురించి మనం ఎంతో విచారిస్తాం. కాని రేపు ఒక కొత్త వ్యక్తి వచ్చి దాని ముందు కూర్చున్నప్పుడు అతనికి తెరపై మొట్టమొదట ఏమి కనిపించాలి, ఏ భాషలో వ్రాయడానికి వీలుండాలి, తేదీ ఏ క్రమంలో నమోదు కావాలి అనే విషయాలను ఎవరూ అంతగా పట్టించుకోరు. పట్టించుకోనంత మాత్రాన అవి నిర్ణయం కాకుండా ఆగిపోవు. మనం నిర్ణయించకపోతే సాఫ్ట్‌వేరు తయారుచేసిన సంస్థవారో, దానిని యంత్రంలోకి ఎక్కించిన దుకాణదారో నిర్ణయిస్తారు.

ఈ తొలి నిర్ణయాలన్నింటికీ నిలయమైన ఏర్పాటునే డిఫాల్ట్ యూజర్ ప్రొఫైల్ అంటారు. అది ఎట్లా పనిచేస్తుందో, దానిని మన అవసరాలకు అనుగుణంగా ఎట్లా తీర్చిదిద్దుకోవాలో, ఆ పనిలో పాటించవలసిన నియమాలేమిటో వివరించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం. మన ప్రాంతపు కార్యాలయాలలోను, కళాశాల ప్రయోగశాలలలోను విస్తారంగా వాడుకలో ఉన్నది మైక్రోసాఫ్ట్ సంస్థవారి విండోస్ కనుక ప్రధానంగా దానినే ఉదాహరణగా గ్రహించడం జరిగింది.

ప్రొఫైల్ అనగా నేమి?

ఒకే ఇంట నలుగురు అన్నదమ్ములు నివసిస్తున్నారనుకుందాం. గోడలు, కప్పు, బావి అందరికీ ఉమ్మడి. కాని ఎవరి గది వారిది. ఎవరి పెట్టె వారిది. కంప్యూటరు కూడా అటువంటి ఇల్లే. యంత్రం ఒకటే అయినా దానిని ఉపయోగించే ప్రతి వ్యక్తికీ వేరు వేరు ఖాతా ఉండవచ్చు. తన పేరు, తన రహస్యపదం ఇచ్చి లోపలికి ప్రవేశించిన వ్యక్తికి తన గది మాత్రమే తెరుచుకొంటుంది. ఆ గదికే యూజర్ ప్రొఫైల్ అని పేరు.

విండోస్‌లో ఈ గదులన్నీ సి డ్రైవులో యూజర్స్ అనే ఫోల్డరులో ఉంటాయి. ఒక్కొక్కరి పేరుతో ఒక్కొక్క ఫోల్డరు. దానిలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ మొదలైన ఉపఫోల్డర్లు కంటికి కనిపిస్తాయి. ఆయా ప్రోగ్రాములు తమ తమ వివరాలను దాచుకొనే యాప్‌డేటా అనే ఫోల్డరు మాత్రం మరుగున ఉంటుంది. వీటన్నింటికంటె ముఖ్యమైనది ఎన్‌టీయూజర్ డాట్ డాట్ అనే ఒక ఫైలు. కీబోర్డు ఏది, తేదీ ఏ రీతిలో కనబడాలి, తెర రంగు ఏమిటి, అక్షరాల పరిమాణమెంత అనే వ్యక్తిగత అమరికలలో అధికభాగం ఈ ఫైలులోనే నిక్షిప్తమై ఉంటాయి. వినియోగదారు లోపలికి ప్రవేశించగానే కంప్యూటరు ఈ ఫైలును చదివి, దాని ప్రకారం అతని కొలువును సిద్ధం చేస్తుంది.

అచ్చు, ఇటుక

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. నిన్నటి వరకు ఆ యంత్రాన్ని తాకని వ్యక్తికి నేడు గది ఎక్కడి నుండి వచ్చింది? యూజర్స్ ఫోల్డరులో డిఫాల్ట్ అనే పేరుతో మరొక ఫోల్డరు ఉన్నది. అది సాధారణంగా కంటికి కనబడకుండా దాచి ఉంచబడుతుంది. దానిలోనూ డెస్క్‌టాప్ మొదలైన ఉపఫోల్డర్లు, ఎన్‌టీయూజర్ ఫైలు అన్నీ ఉంటాయి. కాని అది ఏ వ్యక్తికీ చెందినది కాదు. కొత్త వినియోగదారు మొదటిసారి లాగిన్ అయినప్పుడు కంప్యూటరు ఈ డిఫాల్ట్ ఫోల్డరుకు ఒక నకలు తీసి, దానికి ఆ వ్యక్తి పేరు పెట్టి, అతనికి స్వాధీనం చేస్తుంది.

ఇటుకల బట్టీని చూచినవారికి ఈ విషయం సులభంగా బోధపడుతుంది. డిఫాల్ట్ ప్రొఫైల్ అచ్చు వంటిది. వినియోగదారుల ప్రొఫైళ్ళు దాని నుండి వచ్చిన ఇటుకలు. అచ్చు వంకర అయితే ఇటుకలన్నీ వంకరే. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. ఇటుక వచ్చిన తరువాత అచ్చును ఎంత సరిదిద్దినా పాత ఇటుక మారదు. అదే విధంగా డిఫాల్ట్ ప్రొఫైల్‌లో ఈ రోజు చేసిన మార్పు రేపు రాబోయే కొత్త వినియోగదారులకు మాత్రమే వర్తిస్తుంది. ఇదివరకే లాగిన్ అయి ఉన్నవారికి వర్తించదు. ఈ సూత్రం తెలియనందువలన "మార్పు చేశాము, కాని ఏమీ మారలేదే" అని విసుగు చెందేవారు అనేకులు. కనుక ఈ పని కంప్యూటర్లు వినియోగంలోకి రాకముందే జరగాలి. మొక్కై వంగనిది మానై వంగునా?

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టినది కాదు. 1996లో వెలువడిన విండోస్ ఎన్.టి. 4.0 లోనే డిఫాల్ట్ యూజర్ అనే ఫోల్డరు ఉండేది. విండోస్ 2000, 2001 నాటి ఎక్స్.పి. లలో అది డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ అనే ఫోల్డరు క్రిందికి చేరింది. 2007లో ప్రజలకు అందిన విస్టా నుండి నేటి విండోస్ 11 వరకు అది యూజర్స్ ఫోల్డరులోనే ఉన్నది. లినక్స్ వ్యవస్థలో కూడా ఇటువంటి ఏర్పాటే కలదు. అక్కడ ఈటీసీ డైరెక్టరీలోని స్కెల్ అనే భాగంలో ఉన్న ఫైళ్ళను కొత్త ఖాతాకు నకలు చేస్తారు. అస్థిపంజరం అనే అర్థమిచ్చే ఆంగ్లపదానికి అది సంక్షిప్తరూపం. పేర్లు వేరైనా సూత్రం ఒక్కటే.

తొలి అమరిక వలన కలిగే మేలు, కీడు

అమరికదేమున్నది, ఎవరికి కావలసినట్లు వారు మార్చుకొంటారు కదా అని కొందరు అనవచ్చు. అనుభవంలో అట్లా జరగదు. ముందుగా ఉన్న ఏర్పాటును అధికసంఖ్యాకులు మార్చరు. 2003లో ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు పరిశోధకులు సైన్స్ పత్రికలో అవయవదానాన్ని గురించి ఒక వ్యాసం ప్రకటించారు. దాత తానుగా అంగీకారం తెలుపవలసిన జర్మనీలో సమ్మతి 12 శాతం; వద్దని చెప్పనివారినందరినీ సమ్మతించినవారిగా భావించే ఆస్ట్రియాలో 99.98 శాతం. రెండూ ఒకే భాష మాట్లాడే పొరుగు దేశాలే. ప్రాణదానం వంటి గంభీర విషయంలోనే తొలి ఏర్పాటుకు ఇంత బలమున్నప్పుడు కీబోర్డు, తేదీ వంటి చిన్న విషయాలలో దానికి ఎదురేమున్నది?

తేదీ విషయమే చూద్దాం. అమెరికా పద్ధతిలో అమర్చిన కంప్యూటరులో నెల ముందు, రోజు తరువాత వస్తాయి. ఒక గుమాస్తా విద్యార్థుల ప్రవేశ వివరాలను ఎక్సెల్ పట్టికలో నమోదు చేస్తున్నాడనుకుందాం. 2007 ఆగస్టు 5న పుట్టిన విద్యార్థి జన్మదినాన్ని మన అలవాటు ప్రకారం 5/8/2007 అని వ్రాస్తాడు. యంత్రం దానిని మే 8గా గ్రహిస్తుంది. ఏ హెచ్చరికా చేయదు. ఆగస్టు 13న పుట్టిన విద్యార్థి విషయంలో 13/8/2007 అని వ్రాసినప్పుడు, 13వ నెల లేదు కనుక యంత్రం దానిని తేదీగానే స్వీకరించక వట్టి అక్షరాలుగా ఉంచుతుంది. ఫలితంగా ఒకే పట్టికలో కొన్ని తేదీలు తప్పుగాను, కొన్ని తేదీలు కానివిగాను నిలిచిపోతాయి. చూపుకు అన్నీ సరిగానే ఉన్నట్లుంటుంది. ఏండ్లు గడచిన తరువాత ధ్రువపత్రంలో ఒక తేదీ, ఆధార్ కార్డులో మరొక తేదీ కనిపించి, ఆ విద్యార్థి కచేరీల చుట్టూ తిరగవలసి వస్తుంది. ఇందులో గుమాస్తా దోషమేమీ లేదు. అతనికంటె ముందు ఆ యంత్రాన్ని సిద్ధం చేసిన చేయి చేసిన అశ్రద్ధ అది.

ఇట్లాంటివే మరికొన్ని ఉన్నాయి. మనం అంకెలను 12,34,567 అని లక్షల పద్ధతిలో విడదీస్తాం; అమెరికా అమరికలో అది 1,234,567 అవుతుంది. మనకు వాడుకలో ఉన్న కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు గల ఎ4. అమెరికా వారిది లెటర్ అనే వేరొక కొలత. ఇండియా ఇంగ్లీషు అనే అమరికను తొలి ప్రొఫైల్‌లోనే ఉంచితే తేదీ, అంకెల చిక్కులు పుట్టకముందే తొలగుతాయి. కాగితపు కొలతను కూడా అప్పుడే ఒకసారి సరిచూచుకోవాలి.

మన రెండు లిపులు

మాతృభాషలో వ్రాయగోరే విద్యార్థికి ఈ విషయం మరింత ముఖ్యం. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే స్థానం లభించింది. 2001 నాటి విండోస్ ఎక్స్.పి. తో గౌతమి అనే తెలుగు ఖతి వచ్చింది. 2012లో వెలువడిన విండోస్ 8తో తెలుగు సహా అనేక భారతీయ లిపులను చూపగల నిర్మల ఖతి, ఉర్దూకు నస్తాలీఖ్ శైలిలో ఉర్దూ టైప్‌సెట్టింగ్ అనే ఖతి వచ్చాయి. 2019లో విండోస్ 10కు తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కూడా చేరింది. ఉచ్చారణను అనుసరించి ఆంగ్లాక్షరాలు నొక్కితే తెలుగక్షరాలు రావడం దీని ప్రత్యేకత. అంటే సామగ్రి అంతా అందుబాటులోనే ఉన్నదన్నమాట. అయినప్పటికీ కొత్త విద్యార్థి లాగిన్ అయి చూస్తే ఇంగ్లీషు కీబోర్డు తప్ప మరొకటి కానరాదు. కారణమేమి? అచ్చులో ఆ కీబోర్డు చేర్చలేదు. అందువలన నకలులోకీ రాలేదు.

తెలంగాణలో 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోను ఉర్దూకు రాష్ట్రమంతటా రెండవ అధికారభాష హోదా లభించింది. చట్టం హోదా ఇవ్వగలదు; కాని అర్జీ స్వీకరించే బల్ల మీది కంప్యూటరులో ఆ కీబోర్డు లేకపోతే ఆ హోదా అర్జీదారునికి అందదు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడు కీబోర్డులనూ డిఫాల్ట్ ప్రొఫైల్‌లో చేర్చి ఉంచితే విండోస్ మీటను, స్పేస్ మీటను కలిపి నొక్కినంతనే ఒక భాష నుండి మరొక భాషకు మారవచ్చు. యాభై నిమిషాల ప్రయోగశాల తరగతిలో ప్రతి విద్యార్థీ కీబోర్డు వెదకడానికి పది నిమిషాలు వ్యర్థం చేస్తే, అరవై మంది గల తరగతికి నష్టం పది గంటలు. పైగా వెదకి విసిగిన విద్యార్థి కంప్యూటరులో తన భాషకు చోటు లేదని తీర్మానించుకొంటాడు. అతనిని అట్లా తలపోయనిచ్చిన దోషం మనదే.

తీర్చిదిద్దే మార్గాలు

డిఫాల్ట్ ప్రొఫైల్‌ను మార్చడానికి గల మార్గాలలో ముఖ్యమైనవాటిని పరిశీలిద్దాం.

మొదటిది అందరికీ సాధ్యమైనది. భాష, కీబోర్డు, తేదీ, అంకెల పద్ధతులను నిర్వాహకుడు ముందుగా తన ఖాతాలో సరిచేసుకోవాలి. తరువాత కంట్రోల్ ప్యానెల్‌లోని రీజియన్ అనే భాగంలో అడ్మినిస్ట్రేటివ్ అనే పుటను తెరవాలి. అక్కడ కాపీ సెట్టింగ్స్ అనే మీట ఉంటుంది. దానిని నొక్కి, స్వాగత తెరకు, కొత్త ఖాతాలకు ఈ అమరికలే వర్తించాలని రెండు గడులలో గుర్తు పెడితే చాలు. కొద్ది నిమిషాలలో ముగిసే ఈ పనితో పైన చెప్పిన కష్టాలలో అధికభాగం తీరుతుంది.

రెండవది, పెద్ద సంఖ్యలో కంప్యూటర్లను సిద్ధం చేసేవారికి ఉద్దేశించినది. ఒక కంప్యూటరును మాదిరిగా తీసుకొని, దానిలో విండోస్ కొత్తగా ఎక్కించి, మొదటి తెర వద్దనే కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కితే ఆడిట్ మోడ్ అనే స్థితి వస్తుంది. ఆ స్థితిలో అంతర్నిర్మిత అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో కావలసిన మార్పులన్నీ చేయాలి. తరువాత సిస్‌ప్రెప్ అనే సాధనాన్ని నడపాలి. దానికి తోడుగా ఇచ్చే జవాబు ఫైలులో కాపీప్రొఫైల్ అనే అంశానికి ట్రూ అని వ్రాసి ఉండాలి. అప్పుడు ఆ ఖాతాలోని అమరికలు డిఫాల్ట్ ప్రొఫైల్‌లోకి చేరుతాయి. ఆ మాదిరి యొక్క ప్రతిబింబాన్ని మిగిలిన యంత్రాలన్నింటిలో నింపవచ్చు. అయితే అన్నీ ఈ మార్గంలో చేరవు. ఏ ఫైలు ఏ ప్రోగ్రాముతో తెరుచుకోవాలి, స్టార్ట్ మెనూ ఎట్లా ఉండాలి అనే విషయాలకు వేరు ఏర్పాట్లున్నాయి.

మూడవది రిజిస్ట్రీ ఎడిటర్ ద్వారా డిఫాల్ట్ ఫోల్డరులోని ఎన్‌టీయూజర్ ఫైలును లోడ్ హైవ్ అనే ఆజ్ఞతో తెరచి, ఒకటి రెండు అమరికలను మార్చి, తిరిగి అన్‌లోడ్ చేయడం. ఇది శస్త్రచికిత్స వంటిది, నేర్పరులే చేయాలి. ముందుగా ఫైలుకు నకలు తీసి భద్రపరచుకోవాలి. పని ముగిసిన తరువాత అన్‌లోడ్ చేయడం మరువరాదు. ఫైలు తెరచియుండగా కొత్తవారి లాగిన్‌కు ఆటంకం కలుగవచ్చు.

చేయరాని పని కూడా ఒకటి ఉన్నది. ఎవరో వాడుతున్న ప్రొఫైల్ ఫోల్డరును యథాతథంగా ఎత్తి డిఫాల్ట్ ఫోల్డరులో గ్రుమ్మరించడం చాలా చోట్ల కనిపించే అలవాటు. ఎక్స్.పి. కాలంలో ఏ ప్రొఫైల్‌నైనా నకలు చేసే మీట ఉండేది. ఆ పద్ధతి వలన పాత వ్యక్తి పేరుతో ముడిపడిన దారులు, అనుమతులు కొత్తవారికి సంక్రమించి చిక్కులు తెచ్చిపెట్టేవి. అందువలన విండోస్ 7 నుండి ఆ మీటను వినియోగదారుల ప్రొఫైళ్ళకు పనిచేయకుండా చేశారు. మీట పోయినా చేతితో నకలు చేసే అలవాటు మాత్రం పోలేదు.

అచ్చు, శాసనం, స్వేచ్ఛ

తొలి అమరికకు, శాసనానికి భేదం ఉన్నది. డిఫాల్ట్ ప్రొఫైల్ ఇచ్చేది సలహా వంటిది. వినియోగదారు దానిని మార్చుకొనవచ్చు. గ్రూప్ పాలసీ అనేది శాసనం. 2000 సంవత్సరంలో విండోస్ 2000తో వచ్చిన ఈ ఏర్పాటు ద్వారా నిర్వాహకుడు ఒక నియమాన్ని పాతవారు, కొత్తవారు అనే భేదం లేకుండా అమలుపరచగలడు. వినియోగదారు దానిని మార్చలేడు. ఇక మాండేటరీ ప్రొఫైల్ అనే మరొక పద్ధతి ఉన్నది. అందులో ఎన్‌టీయూజర్ ఫైలు చివరి డాట్ అనే భాగానికి బదులు మ్యాన్ అని పేరు పెడతారు. వినియోగదారు ఏ మార్పు చేసినా లాగౌట్ అయ్యేసరికి అది నిలువదు. గ్రంథాలయంలో అందరూ పుస్తకాల జాబితా చూచే కంప్యూటరుకు ఇది తగినది. కాని విద్యార్థులు పాఠాలు వ్రాసుకొనే చోట, వేరుగా దాచుకొనే స్థలం చూపకుండా దీనిని పెడితే, డెస్క్‌టాప్ మీద ఉంచిన వారి శ్రమ మాయమవుతుంది.

ఏది ఎక్కడ ఉండాలి? దీనికి ఒక కొలబద్ద చెప్పుకోవచ్చు. ఇతరులకు హాని కలిగించగల విషయాలు శాసనంలో ఉండాలి. కొద్దిసేపు వాడకపోతే తెరకు తాళం పడటం, రక్షణ నవీకరణలు ఆగకుండా జరగడం ఇట్టివి. అందరికీ సాధారణంగా అవసరమై, ఎవరికీ హాని చేయని విషయాలు తొలి అమరికలో ఉండాలి. కీబోర్డులు, తేదీ, అంకెల పద్ధతి ఇందులోకి వస్తాయి. వ్యక్తి అభిరుచికి, శరీరస్థితికి సంబంధించినవి ఆ వ్యక్తికే వదలాలి. చూపు మందగించినవారికి పెద్ద అక్షరాలు కావాలి. ఎడమచేతి వాటం గలవారికి మౌస్ మీటలు తారుమారు కావాలి. వీటికి తాళం వేయడం అన్యాయం. తెరపై ఉండే బొమ్మ కూడా ఇటువంటిదే. నిర్వాహకునికి ఇష్టమైన బొమ్మను అందరి తెరల మీద శాసనం చేయడం వలన కార్యాలయానికి ఒనగూరే ప్రయోజనం శూన్యం.

అచ్చులో ఉండకూడనివి

డిఫాల్ట్ ప్రొఫైల్‌లో ఏమి ఉండాలో ఎంత ముఖ్యమో, ఏమి ఉండరాదో కూడా అంత ముఖ్యం. మాదిరి ఖాతాలో పనిచేసినవారి ఉత్తరాలు, వారు తెరచిన పత్రాల జాబితా, రహస్యపదాలు వ్రాసి ఉంచుకొన్న ఫైళ్ళు అచ్చులోకి చేరితే, ఆ తరువాత ఖాతా తెరచే ప్రతి ఒక్కరి చేతిలోకీ అవి నకళ్ళుగా వెళతాయి. కనుక మాదిరి ఖాతాలో ఈమెయిల్ తెరవడం, బ్రౌజరులో లాగిన్ కావడం వంటి పనులు చేయనేకూడదు.

బరువును గురించి కూడా జాగ్రత్త వహించాలి. డిఫాల్ట్ ఫోల్డరులో 500 మెగాబైట్ల పాఠ్యచిత్రాలను ఉంచామనుకుందాం. ఆ యంత్రంలో 200 మంది విద్యార్థులు లాగిన్ అయితే 200 నకళ్ళు తయారవుతాయి. 1,00,000 మెగాబైట్లు, అనగా సుమారు 100 గిగాబైట్ల స్థలం వృథా అవుతుంది. ప్రతి ఒక్కరి తొలి లాగిన్ కూడా ఆలస్యమవుతుంది. అందరికీ ఉమ్మడిగా కనబడవలసిన వస్తువులకు పబ్లిక్ అనే ఫోల్డరు వేరే ఉన్నది. దాని డెస్క్‌టాప్‌లో ఒక్కసారి ఉంచిన గుర్తు నకలు లేకుండానే పాతవారికీ కొత్తవారికీ కనిపిస్తుంది. ఊరి బావి ఉండగా ఇంటింటా బావి త్రవ్వనేల?

పరీక్షించడం, వ్రాసి ఉంచడం

మార్పులు చేసిన తరువాత సాధారణ హక్కులు మాత్రమే గల ఒక కొత్త ఖాతాను తెరచి, దానితో లాగిన్ అయి చూడాలి. నిర్వాహకుని ఖాతాలో అన్నీ బాగున్నట్లే కనిపిస్తాయి. ఆ చూపు నమ్మదగినది కాదు. తెలుగులో ఒక వాక్యం, ఉర్దూలో ఒక వాక్యం వ్రాయాలి. ఎక్సెల్‌లో 13వ తేదీ నమోదు చేసి చూడాలి. ఒక పుట అచ్చు తీసి చూడాలి. పరీక్ష ముగిసిన తరువాత ఆ ప్రొఫైల్‌ను సిస్టమ్ ప్రాపర్టీస్‌లోని యూజర్ ప్రొఫైల్స్ అనే పట్టిక ద్వారా తొలగించాలి. ఫోల్డరును మాత్రమే చెరిపివేస్తే రిజిస్ట్రీలో దాని నమోదు మిగిలిపోయి, అదే ఖాతా మళ్ళీ లాగిన్ అయినప్పుడు తాత్కాలిక ప్రొఫైల్ ఎదురుకావచ్చు.

ఏ తేదీన, ఎవరు, ఏ మార్పు, ఏ కారణం చేత చేశారో ఒక పుస్తకంలో వ్రాసి ఉంచడం ఉత్తమం. కంప్యూటర్లు సిద్ధం చేసిన వ్యక్తి బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా తరువాతివారు చీకటిలో తడుముకోనక్కరలేదు.

కళాశాల సంఘంవారికి ఒక మనవి

ఈ విషయం సాంకేతిక నిపుణులకే సంబంధించినదని భావించరాదు. నిర్ణయం సంఘానిది, అమలు నిపుణునిది. కొనుగోలు ఉత్తరువులోనే రెండు మూడు వాక్యాలు చేర్చడం వలన ఎంతో మేలు జరుగుతుంది. విండోస్ హోమ్ అనే కూర్పులో గ్రూప్ పాలసీ ఎడిటర్ ఉండదు. ఆ కంప్యూటర్లను డొమైన్‌లో చేర్చడం కూడా కుదరదు. ధర కొంత తక్కువ అని దానిని కొంటే తరువాత విచారించవలసి వస్తుంది. ప్రో కూర్పునే కోరాలి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు కీబోర్డులు, ఇండియా తేదీ పద్ధతి కొత్త ఖాతాలన్నింటికీ అమర్చి అప్పగించాలని షరతు వ్రాయాలి. అప్పగించిన రోజున ఒక కొత్త ఖాతా తెరిపించి చూచుకొన్న తరువాతనే సంతకం చేయాలి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ కూర్పులో ఉన్న యంత్రాలను మార్చుకొనే ప్రతి సంస్థకూ అచ్చును సరిదిద్దుకొనే అవకాశం తనంత తానుగా వచ్చింది. దానిని జారవిడువరాదు.

ఇంకొక ముఖ్య విషయం. కొన్ని ప్రయోగశాలలలో అందరికీ కలిపి స్టూడెంట్ అనే ఒకే ఖాతా ఉంచుతారు. ముందు కూర్చున్న విద్యార్థిని మూయడం మరచిన ఈమెయిల్ వెనుక వచ్చినవారికి తెరుచుకొంటుంది. ఒకరు వ్రాసిన రికార్డును మరొకరు చెరిపివేసినా అడిగేందుకు ఆధారం ఉండదు. వేరు వేరు ఖాతాలు ఎందుకు పెట్టరని అడిగితే, ఒక్కొక్కరికీ విడివిడిగా అమర్చే తీరిక లేదని జవాబు వస్తుంది. ఆ జవాబుకు విరుగుడే డిఫాల్ట్ ప్రొఫైల్. ఒక్కసారి అచ్చు సరిగా చేస్తే వందమందికైనా, వెయ్యిమందికైనా గది దానంతట అదే సిద్ధమవుతుంది. ప్రతి విద్యార్థికీ తనదంటూ ఒక గది, దానికి తనదైన తాళం ఉండటం మర్యాదకు, భద్రతకు కూడా అవసరం.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో అనేకులు రేపు కార్యాలయాలలో ఉద్యోగులుగా, అధికారులుగా, సాంకేతిక నిపుణులుగా స్థిరపడబోతున్నారు. మీ చేతికి ఒక కంప్యూటరు వచ్చినప్పుడు దానిలోని తొలి అమరిక ఎవరో ఒకరి నిర్ణయమని గుర్తించండి. అవసరమైతే మార్చుకోవడానికి వెనుకాడకండి. ఇతరుల కొరకు కంప్యూటరును సిద్ధం చేసే బాధ్యత మీ మీద పడినప్పుడు, మీకు ముఖపరిచయం లేని ఒక కొత్త వ్యక్తి రేపు అక్కడ కూర్చోబోతున్నాడని తలచుకోండి. అతని భాష, అతని అవసరం, అతని గోప్యత ఆ పనివేళ మీ ఆలోచనలో ఉండాలి. అచ్చు సరిగా ఉన్నచోట దానిని చేసినవారి పేరు ఎవరికీ తెలియదు. పని మాత్రం తొలి రోజు నుండే సాఫీగా సాగుతుంది.